దూడ గంట

బచేలీ గని కాలనీలో క్వార్టర్ ఖాళీ చేసిననాడు మావారు నా బిస్కెట్ల డబ్బాను కాలితో మెల్లగా పక్కకు తోసి, "ఇది కూడా లారీ ఎక్కాలా?" అన్నారు. చిరిగిన పరుపులు ఎక్కాయి, ఆయన కట్టలు కట్టి దాచుకున్న పాత పేపర్లు ఎక్కాయి, ఈ జానెడు డబ్బాకే చోటు కరువైంది. "అది ఎక్కితేనే నేనెక్కేది" అన్నాను. రిటైరైన మనిషితో ఎక్కువ మాట్లాడకూడదు, రోజంతా ఇంట్లోనే ఉంటాడు.

అందులో ఉన్నది నా గాలాల సరంజామా. ఆడదానికి ఇదేం సరదా అని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉన్నారు. మూత తీస్తే నా బతుకంతా అందులో కనిపిస్తుంది. నెమలి ఈక కాడతో చేసిన, నీళ్ల మీద తేలే బెండు మా నాన్నది. గోదావరి కాలవ గట్టు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మాట్లాడితే చేపలు పారిపోతాయని బెదిరించి, నా చేత మొదటిసారి అరగంట నోరు మూయించినవాడు ఆయనే. హవాయి చెప్పు కోసి చేసిన బెండు పెళ్లయి బచేలీ కొండల్లోకి వచ్చిన ఏడాదిది. పుట్టిల్లు గుర్తొచ్చి ఏడుపొస్తే, ఏడవడం చేతగాక చెప్పు కోశాను. విశాఖ నుంచి రైల్లో తెచ్చిన రీలు, మావారికి గనిలో ప్రమోషన్ వచ్చినప్పటిది. తుప్పు పట్టిన ముళ్లు అమ్మాయి పుట్టాక గాలం ముట్టని రెండేళ్లవి. వీటన్నిటి అడుగున నిమ్మకాయంత కంచు గంట ఒకటి ఉండేది. అది ఇప్పుడు లేదు.

మా కాలనీ కింది వాగు కొండ ఎర్రమట్టితో తుప్పురంగులో పారుతుంది. చేపలున్న వాగు రెండు ఊళ్ల అవతల ఉందని నాకు చెప్పింది సంతలో చింతపండు అమ్మే అక్క. ఆమె సుక్మా దక్షిణాన పుట్టిన, తెలుగు మాట్లాడే దోర్ల తెగ పిల్ల, మా వైపు ఊరికి కోడలుగా వచ్చింది. చుట్టూ హిందీ, హల్బీ, గోండీ వినపడే చోట తెలుగు మాట చెవినబడితే ఎవరు వదులుతారు? నాకంటే పదేళ్లు పెద్దది. నేను అక్కా అన్నాను, ఆమె చెల్లె అంది.

ఆదివారాలు పిల్లను మావారికి అప్పజెప్పి వెళ్లేదాన్ని. ఆమె చేపలు పడే వెదురుపుల్లల మావును వాగు పాయకు అడ్డంగా పెట్టి, రాయి మీద కూర్చుని నన్ను చూసి నవ్వేది.

"ఏంది చెల్లె, కట్టె పట్టుకొని కొంగ లెక్క చూస్తనే ఉంటవు. చేప నీకు కబురు పెడ్తదా?"

ఒకనాడు కొంగుముడి విప్పి ఆ గంట ఇచ్చింది. చిరుత ఎత్తుకుపోయిన దూడ మెడలోదట. వెతికితే గంట ఒక్కటే దొరికిందట. "గాలం కొసకు కట్టుకో. చేప తాకితే మోగుతది. నువ్వు కళ్లు మూసుకున్నా ఫికర్ లేదు" అంది. అలాగే కట్టాను. ఏళ్ల తరబడి అది మోగితే నేను లేచేదాన్ని, ఆమె నవ్వేది.

తర్వాత జరిగింది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఒక శ్రావణంలో సంతలో ఆమెకు చెప్పాను, "ఆదివారం తప్పకుండా వస్తానక్కా, నేను వచ్చేదాకా ఉండు" అని. ఆ ఆదివారం మావారి పైఅధికారి కుటుంబం భోజనానికి వచ్చింది. పులిహోర కలుపుతున్నప్పుడు అక్క గుర్తొచ్చింది. మర్చిపోయానని చెబితే అబద్ధమవుతుంది. వాన మొదలైంది కదా, తనే ఇంటికి వెళ్లిపోయి ఉంటుందిలే అనుకున్నాను. రెండోసారి వడ్డించడానికి లేచాను.

కొండ మీద పడిన వాన వాగులోకి ఒక్కసారిగా దిగింది. అక్క కోడలు అంతకుముందే వెళ్లి ఇంటికి రమ్మని పిలిచిందట. "చెల్లె ఉండుమన్నది" అని అక్క కదల్లేదట. మూడో రోజు దిగువన దొరికింది.

ఆ ఊళ్లలో మనిషి పోతే దారి పక్కన నిలువెత్తు రాయి నిలబెడతారు. పోయినవాళ్లు ఎలా బతికారో రాతి మీద రంగులతో బొమ్మలు వేయిస్తారు. వాళ్ల గొడుగు, గంప, చెంబు అన్నీ అక్కడే పెట్టేస్తారు. ఒక్కటి బయట ఉండిపోయినా దానికోసం తిరుగుతారని నమ్మకం. నెల తిరక్కముందే కోడలు మా క్వార్టర్ గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. అత్తకు చెల్లెలిని కాబట్టి నన్ను చిన్నత్తా అని పిలిచేది.

"చిన్నత్తా, మా అత్త సామాను నీ దగ్గర ఏమన్న ఉన్నదా?"

"ఏమీ లేదమ్మా" అన్నాను.

గంట ఇస్తే ఆ రోజు ఎందుకు రాలేదని అడుగుతుందని భయపడ్డాను. ఆ పిల్ల గడపలోంచే నా గాలం కర్ర వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది. నేను గంటలో దూది కుక్కి, గుడ్డ చుట్టి, డబ్బా అడుగున పెట్టేశాను. మళ్లీ గాలం పట్టలేదు.

దూది కుక్కిన ఆ గంట మొదటిసారి మోగినప్పుడు నేను ఫోన్లో ఉన్నాను. విశాఖలో చదువుకుంటున్న అమ్మాయితో "ఆదివారం వస్తాలే, రూములోనే ఉండు" అన్నాను. లోపలి గదిలో టింగుమంది, ఒక్కసారే. పట్టపగలు, ఫ్యాను కూడా తిరగడం లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నా సంగతి అని నన్ను నేనే తిట్టుకున్నాను. వారం తర్వాత పక్కింటావిడతో "మీరు నడుస్తుండండి, వస్తున్నా" అన్నాను. మళ్లీ మోగింది. ఎవరికైనా వస్తాను, ఉండండి అని మాటిస్తే చాలు. మావారికి వినపడదనే ధైర్యం ఒకటి ఉండేది. ఒక మధ్యాహ్నం ఆయన పేపర్లోంచి తల ఎత్తి, "ఐస్ వాడేమో చూడు" అన్నారు. బయట ఎవరూ లేరు. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది.

ఆయన పడుకున్నాక డబ్బా తీసి గుడ్డ విప్పాను. దూది పెట్టింది పెట్టినట్టే ఉంది. మే నెల, బకెట్లో నీళ్లు కూడా వేడెక్కే ఎండ. దూది మాత్రం తడిగా ఉంది. వాసన చూశాను. వాగు బురద.

అప్పటినుంచి వస్తానని చెప్పడం మానేశాను. "చూస్తాను" అనేదాన్ని. నాకు పొగరెక్కిందని చుట్టాలు అనుకున్నారు, అనుకోనీ. పదకొండేళ్లు అలాగే గడిపాను. ఇక ఊరు వదిలి వెళ్లాలి. గంటను వెంట తీసుకెళ్లడానికి ధైర్యం చాలలేదు, పారేయడానికి చేతులు రాలేదు. లారీ వెళ్లాక మావారిని స్టేషన్లో సామాన్ల దగ్గర కూర్చోబెట్టి, ముందే డబ్బాలోంచి తీసి కొంగున ముడేసుకున్న గంటతో ఆటోలో అక్క ఊరికి వెళ్లాను.

కోడలు తల నెరిసి, అక్కలాగే నడుస్తోంది. ఒక్క మాట అడక్కుండా రాయి దగ్గరకు తీసుకెళ్లింది. ఎండకు రంగులు కొంచెం వెలిశాయి. సంత, చింతపండు గంప, చిరుత, దూడ, మావు. రాయి మీద కూర్చున్న అక్క. ఆమె పక్కన కళ్లజోడు పెట్టుకుని, నీలం చీర కట్టుకుని, చేతిలో పొడుగాటి కర్ర పట్టుకున్న ఇంకో ఆడమనిషి. కర్ర కొసన పసుపు చుక్క.

బతికున్న మనిషిని చావురాతి మీద చూసుకోవడం ఎలా ఉంటుందో చెప్పినా అర్థం కాదు.

"ఇది నేనా?"

"ఔ చిన్నత్తా. నువ్వు వచ్చేదాంక ఉంటనన్నది గదా. నిన్ను ఎయ్యకపోతే ఇంకా చూస్తనే ఉంటదని ఏయించినం."

"ఆ పసుపు చుక్క?"

"దూడ గంట. నీ దగ్గరనే ఉన్నదని మాకు ఎరుకే."

"ఎరుకైతే అప్పుడే అడగొచ్చు కదే తల్లీ!"

ఆ పిల్ల నా ముఖంలోకి సూటిగా చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అడిగిన. లేదంటివి."

అక్కడే ఏడ్చాను. దూది తీసేసి గంటను రాతి పక్కన పాతిన కర్రకు కట్టాను. గాలి వీస్తోంది, పక్కన గొడుగు గుడ్డ రెపరెపలాడుతోంది. గంట మోగలేదు. నా బొమ్మ చెరిపేయమని అడుగుదామని నోరు తెరిచాను. "చెరిపితే అత్త ఒక్కతైతది" అంది కోడలు, నేను అడక్కుండానే.

ఇప్పుడు గోదావరి కాలవ పక్కన ఉంటున్నాం. నాన్న బెండు కట్టి మళ్లీ గాలం వేస్తున్నాను. గంట లేదు కాబట్టి కళ్లు మూయకుండా బెండునే చూస్తూ కూర్చుంటాను. డబ్బా చప్పుడు చేయడం లేదు. మొన్న అమ్మాయికి "వస్తాను" అని చెప్పి చెవులు రిక్కించాను, ఏమీ వినపడలేదు. అన్నమాట ప్రకారం వెళ్లాను కూడా. అక్క దగ్గరకు వెళ్లాల్సిన ఆదివారం మాత్రం నేను పులిహోర వడ్డిస్తూనే ఉండిపోయాను. ఆ రాతి మీద ఒక్కచోటే నేను వేళకు వచ్చాను.