అధ్యక్షుడు కావాలా అని అడిగిన రోజులు

నేను ప్రశ్న చదవడం పూర్తిచేసేలోపే ఆంటీ పిండి చేతులతో లేచి, పెరట్లో ఆడుకుంటున్న పిల్లల్ని లోపలికి పిలిచి తలుపు గొళ్లెం పెట్టింది. నాకు భయం మొదలైంది సరిగ్గా అప్పుడే.

ప్రశ్నలో భయపడాల్సింది ఏమీ లేదు. నేను సాయంత్రాలు పనిచేసే సర్వే ఆఫీసులో, నెల తర్వాత దేశమంతా జరగబోయే ఓటింగు మీద కొత్త ప్రశ్నలు ఇచ్చి, ఫోన్లో తడబడకుండా ఇంట్లో పైకి చదువుకుని రమ్మన్నారు. ఆంటీ చపాతీలు ఒత్తుతోంది కదా అని ఆమెనే ఓటరుగా అనుకుని చదివాను. "ఆస్ట్రేలియా రిపబ్లిక్ కావాలని, రాణి బదులు ప్రెసిడెంటు ఉండాలని..." అంతవరకే వచ్చాను.

"ఏమైంది ఆంటీ?"

"ఏం కాలేదు బేటీ. నువ్వు చదువు."

"తలుపెందుకు వేశారు?"

ఆమె మళ్లీ పీట ముందు కూర్చుంది. "రిపబ్లిక్ అయిపోయినాం అని మా రేడియోలో చెప్పినప్పుడు మేము తలుపు ఏసుకుంటిమి. మళ్లా తీసి చూస్తే షాపు లేదు."

ఆంటీది ఫిజీ. ఆమె ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్లాడట. ఆమె తెలుగులో సగం హిందీ, పావు ఇంగ్లీషు. మిగిలిన పావు మాత్రం మా అమ్మమ్మ మాటల కన్నా పాతది. ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని దించేసి దేశాన్ని రిపబ్లిక్ అని ప్రకటించాక భర్తతో ఇక్కడికి వచ్చేసింది. ఆయన పోయాక ఊరి శివారున వెర్రిబీలో మా వెనక వీధిలో ఒంటరిగా ఉంటోంది. మేమిద్దరం మొదట కలిసింది మాత్రం ఊరికి ఆ చివరన, గంటకు పైగా కారులో వెళ్తే వచ్చే కేరమ్ డౌన్స్ గుడిలో. ప్రసాదం క్యూలో నిలబడి ఇంటి అడ్రసులు చెప్పుకుని నవ్వుకున్నాం. అప్పటినుంచి నేను పనికి వెళ్లే సాయంత్రాలు పిల్లలిద్దరూ ఆమె దగ్గరే.

నేను పొలిటికల్ సైన్సులో ఎమ్మే చేశాను. రిపబ్లిక్ అంటే నాకు పరీక్షలో తప్పక వచ్చే వ్యాసం. అంతకు ముందయితే బడిలో జెండా ఎగరేసి కాగితంలో చుట్టి ఇచ్చే బూందీ. ఆ మాట విని గొళ్లెం పెట్టుకునేవాళ్లు ఉంటారని ఏ పుస్తకంలోనూ చదవలేదు. "ఇక్కడ అలా కాదు ఆంటీ, ఇక్కడ ఓట్లు వేస్తారు" అన్నాను.

"మేము వెయ్యలేదా?" అంది ఆమె, చపాతీ తిరగేస్తూ.

ఆ వారం నుంచి ఫోన్లలో వినిపించిన గొంతులు నా ధైర్యాన్ని ఇంకాస్త తగ్గించాయి. మా పని తేలికే. నంబరు దానంతటదే కలుస్తుంది, ప్రశ్న ఉన్నదున్నట్టు చదవాలి, అవును, కాదు, తెలియదు అన్న మూడు గళ్లలో ఒకదాంట్లో జవాబు గుర్తుపెట్టాలి. ఏ జవాబుకీ సరే అనకూడదు, అయ్యో అనకూడదు. కానీ జనం ఆ మూడు గళ్లలో ఇమిడేవాళ్లు కాదు. రాణి వద్దనేవాళ్లు కూడా కోపంగానే ఉన్నారు. ఎందుకంటే రాబోయే ప్రెసిడెంటును పార్లమెంటు ఎంచుతుంది, జనం కాదు.

"వాళ్లలో వాళ్లే ఒకణ్ని ఏరుకుని మా నెత్తిన పెడతారట" అన్నాడు ఒక పెద్దాయన. "నాకు ప్రెసిడెంటు కావాలి. వీళ్లిచ్చే ప్రెసిడెంటు వద్దు. దీన్ని నీ కాగితంలో ఎక్కడ రాసుకుంటావో రాసుకో అమ్మాయ్."

ఎక్కడా రాయడానికి లేదు. సూపర్‌వైజరును అడిగితే, "కోపానికి గడి లేదు. జవాబు చాలు" అంది.

రాజకీయ నాయకులందరూ దొంగలే అన్నవాళ్లు, ఫోను ఠక్కున పెట్టేసినవాళ్లు, ప్రశ్న అడిగిన పాపానికి అరగంట తిట్టినవాళ్లు. ఒకావిడ నెమ్మదిగా, ఎంతో మర్యాదగా అంది: "నీ గొంతు ఈ దేశానిది కాదే. మా రాణి ఉండాలో వద్దో అడగడానికి నువ్వెవరు?" థాంక్యూ చెప్పి 'తెలియదు' గడిలో గుర్తుపెట్టాను. వెర్రిబీ రైల్లో ఇంటికి వస్తూ ఎదుటి సీట్లలో ఉన్న ఆడవాళ్ల ముఖాలు చూశాను. ఆ గొంతు వీళ్లలో ఎవరిదైనా కావచ్చు.

చిన్నప్పుడు హైదరాబాదులో మా వీధి చివరి కిళ్లీ కొట్టు దగ్గర జనం ఇంత కోపంగా మాట్లాడుకుంటే, మర్నాడు బస్సులు తిరగవని మా నాన్న ముందే చెప్పేసేవాడు. చాలాసార్లు నిజమయ్యేది. పాలు, కూరలు తెచ్చుకుని కర్ఫ్యూకి సిద్ధమయ్యేవాళ్లం. కోపం తర్వాత రాళ్లు వస్తాయనే లెక్క నాలో అలా పాతుకుపోయింది.

ఊరికే భయపడి ఊరుకోవడానికి అప్పుడు వీల్లేదు. మావారు ఒక బ్యాంకులో వై టూ కే పని చేస్తున్నారు. తేదీలో చివర రెండు సున్నాలు పడగానే కంప్యూటర్లు వందేళ్లు వెనక్కి పోకుండా చూడటం. కొత్త సంవత్సరం వచ్చిన కొన్నాళ్లకు ఆ పని అయిపోతుంది. ఆఫీసువాళ్లు, ఉంటానంటే పర్మనెంటుగా తీసుకుని రెసిడెన్సీకి రాస్తామన్నారు. సింగపూరు నుంచి ఆయన స్నేహితుడు ఇంకో ఉద్యోగం చూపించాడు. ఓటింగు అయిన సోమవారం నాటికి ఏదో ఒకటి చెప్పాలి. ఆయన నిర్ణయం నాకు వదిలేశారు.

"పొద్దున పోతే రాత్రి వస్తాను. ఈ ఊళ్లో నిజంగా ఉండేది నువ్వూ పిల్లలూ. నువ్వు ఉండగలనంటే ఉందాం."

మా అమ్మాయికి బడి వయసు వచ్చింది. దగ్గర్లో ఉన్న ప్రైమరీ స్కూల్లో పేరు రాయించమని పక్కింటివాళ్లు రెండుసార్లు గుర్తుచేశారు. నేను వాయిదా వేస్తూ వచ్చాను. ఉంటామో లేదో తెలియకుండా ఏం రాయించను?

ఈలోగా నేనూ ఆంటీ ఫుట్‌స్క్రేలో హైదరాబాదీ భాయ్ కొట్టుకు వెళ్లి బియ్యం, గోధుమపిండి, కందిపప్పు, కొవ్వొత్తులు తెచ్చుకున్నాం. మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు. కొత్త సంవత్సరానికి కరెంటు పోతుందని అప్పటికే అందరూ నీళ్ల సీసాలూ డబ్బాలూ కొని పెట్టుకుంటున్నారు. "క్యా అమ్మా, కంప్యూటర్ల భయమా?" అన్నాడు భాయ్. "అవును భాయ్" అన్నాను. రిపబ్లిక్ భయమని చెప్పడానికి నోరు రాలేదు.

ఇంట్లో బస్తాలు చూసి మావారు నవ్వారు. "దేశమంతా కంప్యూటర్లకి భయపడుతుంటే, మీరిద్దరే మనుషులకి భయపడుతున్నారు."

"నవ్వు బేటా, నవ్వు" అంది ఆంటీ. "మా ఆయన కూడా ఇట్లానే నవ్వె."

మావారి నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఇక్కడ ఓటు వేయకపోతే జరిమానా. ఆంటీకి పౌరసత్వం ఉంది, వేసి తీరాలి. జరిమానా కడతాను గానీ పోను అని ముందునుంచీ అంటూ వచ్చింది. తీరా ఆ శనివారం పొద్దున మంచి చీర కట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"తప్పు చేసినట్టు ఫైను ఎందుకు కట్టాలి? నువ్వు తోడు రా."

మావారు ఆ రోజు కూడా ఆఫీసుకే వెళ్లారు. పిల్లల్ని వదలడానికి ఉన్న ఒక్క మనిషీ నా పక్కనే బయల్దేరింది. ఇక అందరం కలిసే వెళ్లాం. దారంతా ఆంటీ మా బాబు మణికట్టు పట్టుకునే ఉంది. "టూ టైట్, టూ టైట్" అని వాడు గింజుకున్నాడు.

పోలింగు పెట్టింది ఆ ప్రైమరీ స్కూల్లోనే. కంచె పొడుగునా క్యూ. ఒక పక్క బడి పిల్లల తల్లిదండ్రులు బడి ఖర్చుల కోసం మాంసం సాసేజిలు కాల్చి బ్రెడ్డులో పెట్టి అమ్ముతున్నారు, ఉల్లిపాయలు వేగుతున్న వాసన. గేటు దగ్గర 'అవును' కాగితాలు పంచుతూ ఒకావిడ, 'కాదు' కాగితాలు పంచుతూ ఒకాయన. మేము గేటు దాకా వచ్చేసరికి ఆవిడ కొడుకు బాత్రూం అని గొడవ మొదలుపెట్టాడు. ఆవిడ తన కాగితాల కట్ట తీసుకెళ్లి ఆ 'కాదు' ఆయన చేతిలో పెట్టి, "కాస్త చూస్తావా?" అని కొడుకుతో లోపలికి పరిగెత్తింది.

ఆయన రెండు కట్టలూ పట్టుకుని మా ముందువాళ్లకు పంచడం మొదలుపెట్టాడు. "ఇది నాది. ఇది ఆవిడది. ఆవిడ చెప్పేది తప్పు, అయినా తీసుకోండి."

ఆంటీ అక్కడే ఆగిపోయింది. "మొగుడూ పెళ్లాలా?" అంది నా చెవిలో.

"కాదేమో ఆంటీ."

"మరెందుకు పంచుతాడు?" నేను సమాధానం చెప్పేలోపు ఆయన్నే అడిగేసింది, తన ఇంగ్లీషులో: "యూ ఆర్ నాట్ త్రోయింగ్ హర్ పేపర్?"

ఆయన నవ్వాడు. మావాడూ ఆవిడ కొడుకూ ఒకే క్రికెట్ టీము, ఇవి పారేస్తే రేపు మావాణ్ని మ్యాచికి ఎవరు తీసుకెళ్తారు అన్నాడు. ఆంటీ రెండు కాగితాలూ తీసుకుంది. మడతపెట్టి రెంటినీ బ్యాగులో పెట్టుకుంది.

మా ముందు ఒక ముసలాయన క్యూ మొదటినుంచీ గొణుగుతూనే ఉన్నాడు. వీళ్లను నమ్మలేం, వాళ్లను నమ్మలేం, ప్రెసిడెంటును మనం ఎన్నుకోవాలి, పార్లమెంటు కాదు. నేను నెలరోజులుగా ఫోన్లో విన్న మాటలే, ఒక్కటి కూడా తేడా లేదు. ఆ కోపానికి ముఖం ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను. ఎండకు కందిన ముక్కు, చెవుల్లో తెల్ల వెంట్రుకలు. ఆయన లోపలికి వెళ్లి ఓటు వేసి వచ్చి, సాసేజి కొనుక్కుని, బెంచీ మీద కూర్చుని తింటూ కూడా గొణుగుతూనే ఉన్నాడు. మేము వస్తే జరిగి చోటిచ్చాడు. మా అమ్మాయి మాంసం వద్దని ఉల్లిపాయలు మాత్రం బ్రెడ్డులో పెట్టించుకుంటే, "అందులో తినడానికేముంది?" అని దానికి కూడా వంక పెట్టాడు. అది ఆయన ముఖంలోకి చూసి, "ఇట్స్ యమ్మీ" అని గట్టిగా చెప్పింది.

ఫోన్లో నాకు కోపం ఒక్కటే అందేది. దాని వెనక బెంచీ మీద జరిగే మనిషి అందేవాడు కాదు. అలాగని నేను ఒక్క పూటలో మారిపోలేదు. నువ్వెవరు అని అడిగిన ఆ మర్యాదస్తురాలు కూడా ఆ క్యూలోనే ఉండొచ్చు. ఉంటే ఉండనీ, ఆవిడా నాలాగే ఎండలో నిలబడాలి కదా అనిపించింది.

ఆంటీ బయటికి వచ్చాక, "ఏం రాశారు? అవునా, కాదా?" అని అడిగాను.

"నువ్వు ఫోన్ చేసి అడుగు" అంది. "అప్పుడు చెప్తా."

సాయంత్రం మా ఇంట్లోనే అందరం టీవీ ముందు కూర్చున్నాం. పిల్లల అన్నాలు కాకముందే తేలిపోయింది: 'కాదు'. ఓడిపోయినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ మాట్లాడారు, గెలిచినవాళ్లు గ్లాసులు ఎత్తారు. ఆంటీ ఎంతో శ్రద్ధగా చూసింది.

"సైన్యం ఏమంటున్నది?"

"ఏ సైన్యం ఆంటీ?"

"ఇక్కడి సైన్యం."

మావారు టీవీ మీంచి చూపు తిప్పి ఆమెను చూశారు. ఈసారి నవ్వలేదు. "వాళ్లను ఎవరూ అడగలేదు ఆంటీ" అన్నారు. ఆమె ఇంకాసేపు చూసి, నోరు తెరుచుకుని సోఫాలోనే నిద్రపోయింది. నేను టీవీ గొంతు తగ్గించాను.

"సోమవారం ఏం చెప్పమంటావు?" అన్నారాయన.

"ఉంటామని చెప్పండి."

"భయం పోయిందా?"

"లేదు. అది సింగపూరుకీ వస్తుంది. ఇక్కడైతే దానితో ఉండగలను."



కొత్త సంవత్సరం కూడా వచ్చి వెళ్లింది. కరెంటు పోలేదు. కొన్న బియ్యం ఇంకా తింటూనే ఉన్నాం. ఇప్పటికీ పిల్లలు పడుకున్నాక ఇలా రాసుకుంటూ బయట కారు ఆగిన చప్పుడైతే కలం ఆపి వింటాను. సర్వే పని మాత్రం మానలేదు. కోపంగా మాట్లాడేవాళ్లను ఇప్పుడు పూర్తిగా మాట్లాడనిస్తున్నాను. ఒక్కో సాయంత్రం అందరికన్నా తక్కువ ఫోన్లు చేసింది నేనే అవుతున్నాను.

ఒక్కటి చెప్పడం మిగిలింది. ఓటింగు మర్నాడు ఆదివారం. పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ కలుపుకుంటూ మా అమ్మాయి అడిగింది, "హూ వన్, మమ్మీ?"

"ప్రెసిడెంటు రాడు. రాణిగారే ఉంటారు" అన్నాను. "కొంతమందికి కష్టంగా ఉంది. వాళ్లు మళ్లీ ఎప్పుడో అడుగుతారు."

"ఆర్ దే యాంగ్రీ?"

"ఆఁ, చాలా కోపంగా ఉన్నారు. కోపం వస్తే గట్టిగా చెప్పొచ్చు, నువ్వు నిన్న ఆ తాతగారికి చెప్పినట్టు." తరవాత ఇద్దర్నీ దగ్గరికి పిలిచి అసలు మాట చెప్పాను. "నిన్న మనం వెళ్లింది బడి. జనవరిలో ఎండాకాలం సెలవులయ్యాక అక్క అక్కడికి వెళ్తుంది. పెద్దయ్యాక తమ్ముడూ వెళ్తాడు. మనం ఇక్కడే ఉంటున్నాం."