కిటికీలోంచి వేసిన ఫైలు

రాష్ట్రం విడిపోయిన ఆ రోజుల్లో, బీఎడ్ ముగించి ఖాళీగా ఉన్న నాకు బాగా చేతనైన విద్య ఒక్కటే: ప్రొద్దుటూరు బస్టాండులో సీటు పట్టడం. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి చేతిరుమాలు వేస్తే ఆ సీటు మనదే. ఎంతటి మొనగాడైనా దాన్ని తీసి కూర్చోడు. (మనుషులు ఒకరినొకరు ఇంతగా నమ్మడం నేనింకెక్కడా చూడలేదు.) పులివెందులలో ఒక ప్రైవేటు బడివాళ్లు ఇంటర్వ్యూకు రమ్మన్న రోజు మాత్రం నా చేతిరుమాలు, కారిపోతున్న మజ్జిగన్నం డబ్బాకు చుట్టి ఉంది. వేరే ఏమీ తోచక సర్టిఫికెట్ల ఫైలే విసిరాను. టెన్త్ నుంచి బీఎడ్ దాకా అన్నీ ఒరిజినల్సే. నా తెలివికి అప్పట్లో హద్దుల్లేవు.

తోసుకుంటూ ఎక్కి చూస్తే సీట్లో ఫైలు లేదు. పక్క బస్సు కదులుతోంది. దాని కిటికీలో ఒక అవ్వ, ఆమె ఒళ్లో నా ఫైలు! కంగారులో ఫైలును జమ్మలమడుగు బస్సులో వేసి, నేను పులివెందుల బస్సెక్కానన్నమాట. దిగేలోపు అది గేటు దాటిపోయింది. ఇంటర్వ్యూ సంగతి దేవుడెరుగు, నా చదువంతా పోయిందని తర్వాతి బస్సులో జమ్మలమడుగు దాకా ఏడుస్తూనే పోయాను.

అక్కడ బస్టాండు బెంచీ మీద అవ్వ కూర్చుని ఉంది. పక్కన పూలూ పండ్ల సంచి, ఒళ్లో ఫైలు.

"ఏం పాపా, సదువంతా బస్సులో పారేసి యాడికి పోతివి? నీ కోసరం మైలవరం బస్సులు రెండు వదిలేస్తి. ఆడ నా మనవనికి పిల్లను సూడాల. అందరూ ఎదురుసూస్తాండారు."

"నా ఉద్యోగం పాయె అవ్వా!"

"ఏడవాకు. ఈ ఊర్లోనే మా ఈది బడిలో టీచరమ్మ కాన్పుకు పోయింది. పా, అడుగుదాం."

అలా మూడో బస్సు కూడా వదులుకుంది.

మూడు నెలల కోసమని చేరిన ఆ బడిలోనే ఇప్పటికీ సోషల్ చెబుతున్నాను. ఆ రోజు అవ్వ ఆలస్యంగా వచ్చిందని పిల్ల తరఫువాళ్లకు కోపమొచ్చి, సంబంధం తప్పిపోయిందని చాలా రోజులకు తెలిసింది. తెలిసిన రోజు అన్నం సహించలేదు. మనవడు మరుసటేడు వేరే అమ్మాయిని చేసుకున్నాడు. వాళ్లకు పుట్టిన కవల ఆడపిల్లలు ఇప్పుడు నా తరగతిలోనే ఉన్నారు. రాజులూ యుద్ధాలూ చరిత్రను మార్చాయని పాఠం చెబుతూ ఆ రెండు జడల జతల వైపు చూశానంటే నా మాట నాకే తేలిపోతుంది. మొన్న బోర్డు మీద నా బొమ్మ వేశారు (ముక్కు దగ్గర తప్ప బాగానే కుదిరింది). అవ్వకు ఫిర్యాదు చేశాను.

"నాకేం జెప్తాండావు? ఆ పొద్దు ఫైలు సరిగ్గా ఏసింటే ఈళ్లు పుట్టేవాళ్లే కాదు. నువ్వే పడాల," అంది.

నిజమే. బస్సులో మోచేత్తో కళ్లు తుడుచుకుంటూ కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. పాపం, దానికున్న ఒక్క చేతిరుమాలూ మజ్జిగన్నం డబ్బాకే చుట్టి ఉంది.