జత కుదరని మెదడు

పిల్లల్ని పెంచినవాళ్ల మెదడులోని బూడిదరంగు పదార్థాన్ని పెంచనివాళ్లదానితో పోల్చి చూస్తున్నారు ఆ ఆస్పత్రిలో. ప్రతి తల్లికీ అదే వయసు, అంతే చదువు ఉండి, పిల్లల్లేని ఒకావిడను జత చేస్తారు. బేకరీ నడిపే ఒక తల్లికి జతగా ఈ దర్జీ దొరికింది. నలభై ఏడేళ్లు, పదో తరగతి, కుడిచేతివాటం.

జతలంటే ఆమెకు గౌరవం. చొక్కా రెండు చేతులకు అర అంగుళం తేడా వస్తే కుట్టు మొత్తం విప్పేసే మనిషి.

మెదడు ఫొటో తీసే యంత్రం గది బయట టెక్నీషియన్ అడిగాడు. "ఒంటిమీద ఇనుప వస్తువులేమైనా ఉన్నాయా అమ్మా?"

మెడపట్టీలోంచి మూడు గుండుసూదులు తీసిచ్చింది.

"ఇంకా?"

"ఇంకేం లేవు బాబూ." నాలుగోది జడలోంచి వచ్చింది.

అతను కాగితం చదివాడు. "పిల్లలు లేరు. అంతేగా?"

"ఎవరన్నారు?"

"మీరే."

"ఫోన్ చేసిన అమ్మాయి పిల్లల్ని కన్నారా అంది. కనలేదన్నాను. పెంచారా అని అడగలేదు."

"పెంచారా?"

"మా అక్క కూతుర్ని. అక్క పోయేనాటికి దానికి తొమ్మిది నెలలు. ఇప్పుడు పంతొమ్మిదేళ్లు. నా మాట ఒక్కటి వినదు."

"అంటే మీరు పిన్ని."

"చిన్నమ్మా అని నేర్పాను. 'చిన్న' దానికి నోరు తిరగలేదు. మిగిలిందే పిలుస్తోంది."

బడి కాగితాల్లో ఏళ్ల తరబడి 'సంరక్షకురాలు' అని రాస్తే ఆమె ఊరుకుంది. కానీ ఇక్కడ తలలోపల ఫొటో తీస్తున్నారు. 'లేరు' అన్న మాట కింద ఆ ఫొటో ఉండటం ఆమెకు ఇష్టం లేదు.

టెక్నీషియన్ డాక్టరమ్మను పిలిచాడు. ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పింది. "మా తప్పేనమ్మా. మీరు తల్లుల వైపు రావాలి. కానీ ఇప్పుడు బేకరీ ఆవిడకు జత పోయింది. మీకూ లేదు."

ఒక్క చేయే కుట్టిన చొక్కాను చూసినట్టు ఆ కాగితాన్ని చూసింది దర్జీ. "మా కొట్లో కాజాలు కుట్టే ఆవిడ ఉంది. నా ఈడే, నా చదువే, కొట్టడానికి లేచేదీ కుడిచెయ్యే. పిల్లల్లేరు. పెంచమంటే పారిపోతుంది."

"మీకు జతగానా?"

"బేకరీ ఆవిడకివ్వండి. నేను ఆగుతాను."

"సరే. మీ ఫొటో ఇవాళే తీసేద్దాం."

టెక్నీషియన్ 'లేరు' కొట్టేసి, ఇరుకులో 'ఒకరు' అని రాశాడు. ఆమె కాగితం అడిగి తీసుకుని, చదివి, వెళ్లి తల కదలకుండా పడుకుంది.