మీ ముంగల ఎవలున్నరు?

సోమవారం పొద్దున ఆఫీసులో కంప్యూటర్ తెరుస్తుండగా అక్క తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయిందమ్మా, దవాఖానల." ఆమె నాకు బంధువు కాదు. హన్మకొండలోని మా చిన్న ఆఫీసులో నాకు పని నేర్పిన పెద్ద ఇంజినీరు. అందరం అక్క అనే పిలిచేవాళ్లం.

పత్తి మార్కెట్లకు వచ్చే బండ్ల వరుసను చూసుకునే ఏర్పాటు మాది. గేటు దగ్గర రైతు పేరు చెబితే చాలు, అతని నంబరు బోర్డు మీద కనిపించాలి. నిమిష నిమిషానికీ వచ్చిపడే ఆ సమాచారాన్ని ఫ్లింక్ అనే సాఫ్ట్‌వేర్ కొన్ని కంప్యూటర్లకు పంచి, వచ్చింది వచ్చినట్టే లెక్కకడుతుంది. దాన్ని కంటైనర్లనే విడివిడి సాఫ్ట్‌వేర్ పొట్లాల్లో పెట్టి, వాటిని కనిపెట్టుకుని ఉండే కుబర్నెటీస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ మీద నడపడం అక్క నాకు నేర్పిన పని. ఒక కంటైనర్ పడిపోతే కుబర్నెటీస్ వెంటనే ఇంకొకటి లేపుతుంది.

"లేసుడు గొప్ప గాదు పిల్లా. పడ్డప్పుడు ఏం జేస్తున్నదో యాదుండాలె," అనేది అక్క. ఏ పనైనా అప్పగించే ముందు తనే ఒక కంటైనర్‌ను ఆపేది. కొత్తది లేచి పనిని ఎక్కడి నుంచి అందుకుంటుందో చూసేది. అంతవరకూ పల్లీలు నములుతూ కూర్చునేది, ఎవరు పలకరించినా చెయ్యెత్తి ఆగమనేది.

నేను ఒక్కదాన్నే మొదటిసారి చేసిన పని జనగామ మార్కెట్‌ది. "ఒకటి ఆపి చూసినవా?" అని అడిగింది. "చూశానక్కా" అన్నాను. చూడలేదు. అంతా సవ్యంగా నడుస్తుంటే ఆపడానికి భయమేసింది. భయమేసిందని చెప్పడానికి సిగ్గేసింది.

మూడో రోజు ఒక కంటైనర్ పడిపోయింది. వరుసను ఎప్పటికప్పుడు బయట ఒకచోట దాచమని చెప్పాల్సింది, నేను ఆ కంటైనర్ లోపలే దాచమన్నాను. దానితోపాటే వరుసంతా పోయింది. బోర్డు మళ్లీ ఒకటి నుంచి మొదలైంది.

అక్కా నేనూ బస్సులో జనగామ వెళ్లేసరికి యార్డు నిండా ట్రాక్టర్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి. బోర్డును నమ్మి ఎవరికి వీలైన చోట వాళ్లు ఆపుకున్నారు.

"గీ కంప్యూటర్ కంటె మా ఎడ్లు నయం. తొవ్వ యాది పెట్టుకుంటయి," అన్నాడొక ముసలాయన.

"నిజమే బాపు. ఎడ్లను మీరు నడిపిచ్చి చూస్తరు. నేను చూడకుంటనే సై అన్న. తప్పు నాదే," అన్నది అక్క.

నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను.

అక్క నోటుబుక్కు తీసి బండి బండి దగ్గరికీ వెళ్లింది. "మీ ముంగల ఎవలున్నరు?"

"ఎర్ర తువ్వాలాయన."

"ఆయన ముంగల?"

"గాయిననే అడుగు బిడ్డా, నేనేమన్న ఆయన పెండ్లామునా?"

చుట్టూ నవ్వులు. అలా ఒకరి నుంచి ఒకరికి వెళ్లి, మధ్యాహ్నానికి వరుసంతా కాగితం మీదికి తెచ్చింది. ఆటో ట్రాలీలో పత్తి తెచ్చుకున్న ఒకామెను మాత్రం ఎవరూ గుర్తుపట్టలేదు. ఆమె చివరికి వెళ్లాల్సి వచ్చింది. ఆమె బస్తాలు కాంటా ఎక్కేదాకా అక్క ఆమె పక్కనే కూర్చుంది.

తర్వాత నాలుగు నెలలు అక్క ఎదురుగానే పనిచేశాను. రోజూ చెబుదామనుకున్నాను. ఆఫీసులో ఇప్పటికీ జనగామ పొరపాటు అక్కదే అనుకుంటున్నారు. కాదు. ఆమె అడిగింది, నేను అబద్ధం చెప్పాను. ఆమె ఉండగా చెప్పాల్సిన మాట ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు సాయంత్రం జనగామ నుంచి తిరుగు బస్సులో నా చేతికి అంటిన పత్తిని తీసేస్తూ అడిగింది, "ఏమన్న చెప్పేదుందా పిల్లా?"

"ఏం లేదక్కా."

సొంతూరు జఫర్‌గఢ్ వెళ్లడానికి ఆమె ఘన్‌పూర్‌లో దిగింది. దిగి వెళ్లిపోలేదు, నా కిటికీ కింద నిలబడింది. నేను అద్దం జరిపాను. పిలవడమైతే పిలిచాను, "అక్కా" అని.

కాసేపు చూసింది. "సల్లగాలి కొడ్తది, మూసుకో," అన్నది.

మూసుకున్నాను. బస్సు కదిలింది. అద్దం అవతల ఆమె ఇంకా తల ఎత్తే ఉంది.