మూగ డబ్బా నోరు విప్పిన ఆదివారం

ఆ రోజుల్లో కంప్యూటర్ సంపాదించడం ఒక ఎత్తు, దాని చేత చప్పుడు చేయించడం ఇంకో ఎత్తు. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు (నవ్వనివ్వండి, నాకేం!). రెండువేలు దాటిన కొత్తలో నేను రేపల్లె నుంచి రోజూ రైల్లో తెనాలి వెళ్ళి డిగ్రీ చదివేదాన్ని. ఏదో ఆఫీసులో తీసేసిన పాత కంప్యూటర్ని నాన్న ఇంటికి తెచ్చారు. పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోంచి దానికి విండోస్ బదులు లినక్స్ ఎక్కించాను. అన్నీ పనిచేశాయి, శబ్దం తప్ప. బాపట్లలో కొత్త కంప్యూటర్లు అమ్మే మావయ్య వచ్చి చూసి తేల్చేశాడు. "ఈ మూగ డబ్బాతో ఏంటే నీ తంటా? ఆదివారం పాతసామాన్లాయన్ని తీసుకొస్తా, ఇచ్చి పారేద్దాం." నాకు ఒళ్ళు మండింది. "ఆదివారానికి దీని నోరు విప్పించకపోతే అప్పుడు పట్టుకెళ్ళు మావయ్యా" అన్నాను. నాన్న సరేనన్నారు. అది పోతే మా ఇంటికి మరో కంప్యూటర్ రాదని నాకు తెలుసు.

సౌండ్ కార్డు ఉందన్న సంగతే ఆ లినక్స్‌కి తెలియదు. కెర్నెల్‌ని, అంటే యంత్రాన్నంతా నడిపించే అసలు ప్రోగ్రాంని, సౌండ్ కార్డుని పలికించే డ్రైవర్‌తో కలిపి మళ్ళీ తయారుచెయ్యాలి. మా ముసలిదానికి అది పూటంతా పట్టే పని. మధ్యలో అమ్మ మిక్సీ వేసిందా, ఓల్టేజీ పడిపోయి కథ మళ్ళీ మొదటికొచ్చేది. మిక్సీ ముట్టుకుంటే ఊరుకోనని ఇంట్లో చాటింపు వేశాను. అమ్మ రోటి దగ్గర కూర్చుని "నీ కంప్యూటర్ పాడుగాను, నా రెక్కలు పడిపోతున్నాయే" అని తిడుతూనే నూరింది. (పచ్చడి మాత్రం అద్భుతంగా ఉండేది. ఆ మాట పైకి అనే ధైర్యం లేకపోయింది.)

ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి మావయ్య సిద్ధం, గుమ్మం ముందు రిక్షాతో పాతసామాన్లాయన సిద్ధం. కొత్త కెర్నెల్ ఏ తప్పూ చూపకుండా లేచింది. ఇంట్లో పాట ఫైలు ఒక్కటీ లేదు. ఏ ఫైలు తోసినా ఏదో ఒక మోత రావాలి కదా అని, చేతికందిన ఆ కెర్నెల్ ఫైలునే సౌండ్ కార్డులోకి తోశాను. కిక్కురుమనలేదు. "ఎత్తవయ్యా" అన్నాడు మావయ్య. పాతసామాన్లాయన లోపలికొచ్చి మానిటర్ మీద చెయ్యి వేశాడు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు తట్టింది, ఈ డ్రైవర్ లేచేటప్పుడు వాల్యూం సున్నాలో పెట్టుకుని లేస్తుందని! "చెయ్యి తియ్యండి బాబాయ్!" అని అరిచి, వాల్యూం చివరికంటా పెంచి మళ్ళీ తోశాను. రంపంతో రేకు కోస్తున్నట్టు ఒకటే మోత! మావయ్య చేతిలోని కాఫీ ఒలికి చొక్కా మీద పడింది.

"ఇదేం పాటే తల్లీ, ఆపు!"

"పాట పాడుతుందని ఎవరన్నారు? నోరు విప్పుతుందన్నాను, విప్పింది!"

"బతికున్న సామాను మేం కొనమండి" అంటూ ఆయన రిక్షా తిప్పుకుని వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఆ మోతని ఇంకాసేపు అలాగే ఉంచాను. అప్పటి నాలోని ఆ పిల్లకి పొగరు కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఎవరైనా "ఇది కుదరదండి" అంటే "సరేనండి" అని లేచి వచ్చేస్తున్నాను. అందులో సగం పొగరైనా మిగిలుంటే ఎంత బాగుండేది!