గడియారం సెంటర్లో మంచు

నల్లగొండలో ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లినా, ఏ పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నా గోడమీద ఒకటే బొమ్మ. చలికాలం రాత్రి, పట్నం వీధి, తడిసి మెరిసే రోడ్డు, పసుపు దీపాలు, గొడుగు కింద అటు తిరిగి నడిచే జంట. చలికాలంలో మా జిల్లాలో గొడుగు పట్టుకుని తిరిగేవాణ్ని నేనింతవరకూ చూడలేదు. గీసినవాడూ చూడలేదు, ఫోన్లో చూసి దించాడు. ఆ జంట ఎప్పుడూ అటే ఎందుకు తిరిగి ఉంటుందో తెలుసా? వాడికి మొహాలు గీయడం రాదు గనక.

మా నాన్న, మేం బాపు అంటాం, సైన్‌బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన కుంచెలు మూలపడ్డాయి. బడిలో డ్రాయింగ్ సారునైన నాకు బొమ్మలు నేర్పింది ఆయనే. నేర్పిందంతా ఒకటే మాట: "ఉన్నది గియ్యి." ఇన్నేళ్లలో నా బొమ్మ ఒక్కటి కూడా బాగుందనలేదు. ఆ మాట కోసమే నేనింకా గీస్తున్నానని ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

కొత్త రాష్ట్రం వచ్చాక ఊళ్లో కొత్త హాళ్లు లేచాయి. ఒక హాలు యజమాని, మన ఊరి చలికాలం రాత్రి గీయమన్నాడు, మంచు ఉండాలన్నాడు. గడియారం సెంటర్ గీసి తీసుకెళ్లాను. దుమ్ము, పొగమంచు, అట్టపెట్టెలు మంటేసుకుని కూర్చున్న ఆటోవాళ్లు.

"గిదేంది సార్? మంచేది?" అన్నాడు.

"గా దీపాల సుట్టు మసకగ ఉన్నది సూడు, గదే మంచు."

"గా మంచు కాదు సార్. సినిమాల తెల్లగ పడ్తది సూడు, గది."

మన భాషలో రెండింటికీ ఒకటే మాట కదా. దాన్ని పట్టుకుని స్విట్జర్లాండ్‌ను నల్లగొండలో దింపాలని అతని ఆశ. మనసులో ఛీ అనుకున్నాను, పైకి సరే అన్నాను. ఇంతమందిని తిట్టే నేనే ఇంటికొచ్చి గడియారం మీద, ఆటోల మీద, రోడ్డు పొడుగునా తెల్లరంగు పులిమాను. గొడుగు ఒక్కటే పెట్టలేదు.

మర్నాడు పొద్దున వాకిట్లో ఆరబెట్టిన ఆ బొమ్మ దగ్గరికి బాపు వచ్చాడు. కంటి ఆపరేషనై అప్పటికి పదిరోజులు. వంగి చాలాసేపు చూశాడు. తిట్టినా బాగుండుననిపించింది నాకు.

"మంచిగ గీసినవ్ బిడ్డా," అన్నాడు. "పత్తి లారీలు పోయినంక రోడ్డు పొంటి దూది గిట్లనే పడి ఉంటది. గాలికి గడియారం మీదికి సుత ఎక్కింది. ఉన్నది గీసినవ్."

నేను అవునన్నాను.