నక్షత్రం కట్టిన మనిషి

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే ముందు బీపీ చూపించుకోమనే రకాన్ని నేను. ల్యాబ్ టెక్నీషియన్ని. మైక్రోస్కోపు కింద కనపడనిదాన్ని నమ్మను.

విడాకులయ్యాక నెల్లిమర్లలో ఒక చిన్న క్లినిక్‌లో ఉద్యోగం దొరికింది. ఇల్లే దొరకలేదు. ఒంటరి ఆడదాన్నని తెలియగానే, గది అప్పుడే ఎవరికో ఇచ్చేశామనేవారు. నాలుగో చోట విసుగొచ్చి అబద్ధమాడేశాను. మా ఆయనకి కిరండూల్ రైల్వే లైన్లో పని, కొత్తవలసలో ఉంటారు, వీలున్నప్పుడు వస్తారు అన్నాను. నల్లపూసలు కూడా వేసుకున్నాను. ఇంటావిడ సుగుణమ్మగారు వెంటనే రెండు తాళంచెవులూ చేతిలో పెట్టారు.

ఆవిడ క్రైస్తవురాలు. డిసెంబరు రాగానే ఆ వీధిలో ఇంటింటికీ కాగితం నక్షత్రాలు కట్టారు. నా వాటాకీ ఒకటి ఇచ్చి, మీ ఆయనొస్తే కట్టించమన్నారు. లేని మొగుడు ఏం కడతాడు? గదిలో ఒక మూల పెట్టేశాను. "ఇంకా రాలేదేటి పాపా?" అని వారం వారం అడిగేవారు. మళ్లీ ఇల్లు వెతుక్కునే ఓపిక నాకు లేదు. అబద్ధం బయటపడితే ఎక్కడికి పోవాలా అని ఒకటే గుబులు.

క్రిస్మస్ రోజు క్లినిక్‌కి సెలవు. నాకు ఒక్క ఫోనూ రాలేదు. ఎవరికీ సమాధానం చెప్పుకోనక్కర్లేకుండా పొద్దున్నే గదికి తాళం వేసి, చంపావతి వంతెన దాకా నడిచి వచ్చాను. వచ్చేసరికి నా వాటా ముందు నక్షత్రం వేలాడుతోంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. తాళంచెవులు రెండూ నా పర్సులోనే ఉన్నాయి.

చర్చి నుంచి వచ్చిన సుగుణమ్మగారు కేకు, గారెలు తెచ్చారు.

"మీ ఆయనొచ్చినాడని సెప్పనేదేటి? నిచ్చినెక్కి కడతన్నాడు, నన్ను సూసి దండం కూడా పెట్టినాడు. మంచోడమ్మా. ఇద్దరికీ సరిపడా ఎట్టినాను."

ఎలా ఉన్నాడని అడగబోయి ఆగిపోయాను. పెళ్లాం అడిగే ప్రశ్న కాదు కదా అది.

నిచ్చెన ఎదురింటి టైలరుది. నక్షత్రం కట్టినతనే అడిగి తీసుకెళ్లి, మళ్లీ తెచ్చిచ్చాడట. సన్నగా ఉన్నాడనీ, ఎడమచేతి వాటమనీ టైలరే మాటల్లో చెప్పాడు. నాతో విడిపోయినాయన లావుగా ఉంటాడు, స్టూలెక్కితేనే కళ్లు తిరుగుతాయి. ఆ రోజు ఆయన బెంగుళూరులో ఉన్నాడని తర్వాత మా తమ్ముడు చెప్పాడు.

భయపడాల్సింది. కానీ నాకు ఏడుపొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండు కంచాల్లో గారెలు పెట్టుకుని సాయంత్రం దాకా తలుపు తీసే కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

రెండేళ్లయింది. అదే ఇంట్లో ఉన్నాను. రైలు గేటు దగ్గరో, కూరగాయల బండి దగ్గరో మా ఆయన కనపడ్డాడని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అతనెవరో, తాళం వేసిన గదిలోంచి నక్షత్రం ఎలా తీశాడో నాకిప్పటికీ తెలియదు. నేనొక్కసారి కూడా చూడలేదు.

మొన్న ఆదివారం సుగుణమ్మగారు అన్నారు, "మీ ఆయన అగుపించినాడు పాపా. నువ్వు సరిగ్గా తింటన్నావా అని అడిగినాడు."

ఆ మాటేదో వచ్చి నన్నే అడగొచ్చు కదా.